ఒకే వైరస్, పది రకాలు: హెపటైటిస్-బి జీనోటైపులు కాలేయానికి ఏం చేస్తాయి?

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో న్యూ సెటిల్‌మెంట్ పేరు తెలుగువారికి కొత్త కాదు. రైల్వే ఉద్యోగాల కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు అక్కడ తరతరాలుగా బెంగాలీ, ఒడియా, హిందీ మాట్లాడేవారి పక్కనే బతుకుతున్నాయి. విచిత్రమేమిటంటే, హెపటైటిస్-బి వైరస్ రకాలు కూడా తూర్పు భారతంలో ఇలాగే ఒకచోట కలుస్తాయి.

ఈ వైరస్ జన్యుపదార్థంలో సుమారు 3,200 అక్షరాలు ఉంటాయి. రెండు వైరస్‌ల మధ్య వాటిలో 8 శాతం కంటే ఎక్కువ తేడా ఉంటే వాటిని వేర్వేరు జీనోటైపులుగా లెక్కిస్తారు. ఇప్పటివరకు 'ఎ' నుంచి 'జె' వరకు పదింటికి పేర్లు పెట్టారు. మన దేశంలో 'డి', 'ఎ' ఎక్కువ. తూర్పు ఆసియాలో ప్రబలంగా ఉండే 'సి' రకం కోల్‌కతా రోగుల్లోనూ ఉన్నట్లు 2006లో అక్కడి శాస్త్రవేత్తలు ప్రకటించారు.

రకం మారితే జబ్బు తీరు మారుతుందా?

కొంతవరకు మారుతుంది. వైరస్ జోరుగా పెరుగుతోందనడానికి రక్తంలోని 'ఇ' యాంటిజెన్ ఒక గుర్తు. అలాస్కా ఆదివాసులపై 2007లో వెలువడిన అధ్యయనంలో, 'ఎ', 'బి', 'డి', 'ఎఫ్' రకాలున్న వారిలో సగం మందికి 20 ఏళ్లలోపే అది పోయింది. 'సి' రకం వారిలో సగం మందికి పోయేసరికి దాదాపు 48 ఏళ్లు నిండాయి. అంటే కాలేయంపై దాడి దశాబ్దాల పాటు ఎక్కువ సాగిందన్నమాట. తైవాన్ పరిశోధనల్లోనూ 'బి' కంటే 'సి' రకం వారికి కాలేయ క్యాన్సర్ ముప్పు ఎక్కువని తేలింది.

'ఎ', 'డి' రకాల విషయంలో చిత్రం ఇంత స్పష్టంగా లేదు. ఏది ఎక్కువ ప్రమాదకరమన్న ప్రశ్నకు మన దేశంలోని అధ్యయనాలే పరస్పర భిన్నమైన జవాబులిచ్చాయి. వైరస్ రకంతోపాటు వయసు, మద్యం, రక్తంలో వైరస్ పరిమాణం, సోకిన కాలం కూడా ఫలితాన్ని నిర్ణయిస్తాయి.

చికిత్సలోనూ తేడా ఉంది. ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లకు 'డి' కంటే 'ఎ' రకం మెరుగ్గా లొంగుతుంది. టెనోఫోవిర్, ఎంటెకవిర్ మాత్రలు మాత్రం అన్ని రకాలపైనా పనిచేస్తాయి. అందుకే మాత్రలు మొదలుపెట్టడానికి సాధారణంగా జీనోటైప్ పరీక్ష అవసరం లేదు. వైరస్ పరిమాణం, కాలేయ ఎంజైములు, కాలేయం గట్టిపడిన తీరు చూసి వైద్యులు నిర్ణయిస్తారు.

సోకిన వయసే కీలకం

పుట్టినప్పుడు సోకితే పదిమందిలో తొమ్మిదిమందికి జబ్బు దీర్ఘకాలికమవుతుంది. పెద్దయ్యాక సోకితే నూటికి ఐదుగురి కంటే తక్కువ మందిలోనే నిలుస్తుంది. కాబట్టి పుట్టిన 24 గంటల్లోపు వేసే టీకా మొదటి డోసు చాలా విలువైనది. టీకా అన్ని జీనోటైపుల నుంచీ రక్షణ ఇస్తుంది. 1997లో హైదరాబాద్‌కు చెందిన శాంతా బయోటెక్నిక్స్ దేశీయంగా తయారుచేసిన టీకా రావడంతో దాని ధర సామాన్యులకు అందుబాటులోకి దిగింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో దాదాపు మూడు కోట్ల మంది ఈ వైరస్‌తో జీవిస్తున్నారు. వారిలో చాలామందికి ఆ సంగతే తెలియదు, ఎందుకంటే ఏళ్ల తరబడి ఏ లక్షణమూ కనబడదు. ఈ వైరస్ రక్తం ద్వారా, లైంగిక సంపర్కం ద్వారా, తల్లి నుంచి బిడ్డకు సోకుతుంది. కలిసి భోజనం చేసినా, చేయి కలిపినా సోకదు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్ష, మందులు ఉచితం. ఇంట్లో ఒకరికి ఉన్నట్లు తేలితే మిగతావారూ పరీక్ష చేయించుకుని, వైరస్ లేకపోతే టీకా వేయించుకోవాలి. లోపలున్నది ఏ రకమైనా మొదటి మెట్టు ఇదే.