మాటలేని తెర – మాట పడ్డ తార

బ్యాంకులో అంకెలతో ముప్పయ్యేళ్ళు గడిపిన నాకు సినిమాల గురించి వ్రాసే అర్హత పెద్దగా లేదు. అయినా ఇటీవల మా అమ్మాయి పట్టుబట్టి చూపించిన ఒక పాత చైనా మూకీ చిత్రం నన్ను వదలడం లేదు. పేరు 'దేవత'. షాంఘైలో 1934లో వూ యోంగ్‌గాంగ్ తీశారు. నాయిక రువాన్ లింగ్‌యూ.

కొడుకును చదివించడానికి ఒళ్ళమ్ముకునే తల్లి కథ అది. బడి ఖర్చుకని ఆమె గోడ సందులో దాచిన డబ్బును ఒక రౌడీ ఎత్తుకుపోతాడు. ఊరివాళ్ళు ఆమె గురించి అనుకునే మాటలు బడిదాకా వెళ్ళి పిల్లవాడి చదువు ఆగిపోతుంది. తెర మీద ఒక్క మాట వినబడదు. అంతా ఆ కళ్ళే చెబుతాయి.

ఆ కష్టం ఆమెకు తెలియనిది కాదు. 1910లో పుట్టిన రువాన్ చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకుంది. తల్లి ఒక ధనిక కుటుంబంలో పనిమనిషిగా ఉండి కూతుర్ని చదివించింది. రువాన్ 1927లో చిత్రరంగంలో ప్రవేశించి, 1930లో లియన్‌హువా కంపెనీలో చేరాక అగ్రతార అయింది. 'ప్రేమ–కర్తవ్యం' (1931), 'చిన్న బొమ్మలు' (1933) పేరు తెచ్చాయి. మన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లోనే వచ్చినా, షాంఘైలో ఇంకా మూకీలు తీస్తూనే ఉండేవారు.

1935లో ట్సాయ్ చూషెంగ్ తీసిన 'నవ మహిళలు' విడుదలైంది. అంతకు ముందు ఏడాది ప్రాణం తీసుకున్న నటి, రచయిత్రి ఐ షియా జీవితమే దానికి ఆధారం. పత్రికలవారిని చెడుగా చూపించారని విలేఖరులు ఆగ్రహించారు. సరిగ్గా అప్పుడే రువాన్ మాజీ సహచరుడు కోర్టుకెక్కాడు. ఆమె సంసారం రోజూ పత్రికల్లో పరచిన బట్ట అయింది. మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు, ఆమె కూడా ప్రాణం తీసుకుంది. అప్పటికి వయస్సు ఇరవై నాలుగు. షాంఘై వీధులు జనంతో నిండిపోయాయి. ప్రసిద్ధ రచయిత లూ షున్ పత్రికల తీరును ఎండగడుతూ వ్యాసం వ్రాశారు.

ఆమె చిత్రాల్లో చాలా భాగం నేడు లభించవు. 1991లో స్టాన్లీ క్వాన్ ఆమె జీవితాన్ని చిత్రంగా తీయగా, ఆ పాత్ర ధరించిన మాగీ చ్యూంగ్‌కు 1992లో బెర్లిన్‌లో ఉత్తమ నటి బహుమతి లభించింది.

కౌంటర్లో లెక్క తప్పితే సాయంత్రం లోగా పట్టుకుని సరిచేస్తాం. ఒకరి ఇంటి గుట్టు గురించి మనం అన్న మాటను ఏ లెడ్జరులోనూ కొట్టివేయలేం. ఈసారి నలుగురూ కూర్చున్నప్పుడు ఎవరి సంసారం గురించైనా ప్రసంగం వస్తే, ఆ ఇరవై నాలుగేళ్ళ అమ్మాయిని ఒక్కసారి తలచుకుందాం.