తప్పును చెప్పుకోగలిగిన చోటు

ఉద్యోగంలో పైకి రావాలంటే తప్పు చేయరాదనీ, చేసినా బయటపడనీయరాదనీ మనలో చాలామంది భావన. మార్కులే కొలమానంగా పెరిగినవారికి ఇది సహజమే. పనిచేసే చోట మనిషి మనస్సును పరిశీలించిన మనోవిజ్ఞాన శాస్త్రం మాత్రం ఇందుకు భిన్నమైన సంగతిని వెల్లడించింది.

1990వ దశకంలో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు ఏమీ ఎడ్మండ్‌సన్, ఆసుపత్రులలో మందులు ఇచ్చేటప్పుడు దొర్లే పొరపాట్లను గూర్చిన అధ్యయనంలో పాల్గొన్నారు. సిబ్బంది పరస్పర సహకారంతో పనిచేసే విభాగాలలో పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఆమె అంచనా. లెక్కలు తేలేసరికి ఫలితం తలక్రిందులైంది. మంచి బృందాలున్న చోటనే ఎక్కువ పొరపాట్లు నమోదై ఉన్నాయి! మంచి బృందం ఎక్కువ తప్పులు చేస్తుందా? ఆమెకు స్ఫురించిన సమాధానం వేరు. జరిగిన పొరపాటు ఒకటి, పుస్తకంలోకి ఎక్కిన పొరపాటు మరొకటి. ఈ ఫలితాలేవీ తెలియని ఒక పరిశీలకుని ఆ విభాగాలకు పంపగా, కొన్నిచోట్ల సిబ్బంది పొరపాటును వెంటనే చెప్పుకొని సరిదిద్దుకుంటున్నారనీ, మరికొన్నిచోట్ల మందలింపునకు వెరచి దాచుకుంటున్నారనీ తేలింది. దాచిన పొరపాటుకు విరుగుడు ఇవ్వగల వైద్యుడు ఎవరు?

1999లో ఒక తయారీ సంస్థలోని 51 బృందాలను పరిశీలించి ప్రచురించిన వ్యాసంలో ఎడ్మండ్‌సన్ ఈ గుణాన్ని ‘మానసిక భద్రత’గా వివరించారు. సందేహం అడిగినా, తప్పు ఒప్పుకొన్నా తనను చిన్నచూపు చూడరనే నమ్మకం బృందమంతటికీ ఉండడమే దాని అర్థం. ఈ మాటను మెతకదనంగా భావించేవారు ఉన్నారు, అది సరికాదు. పని నాణ్యతలో పట్టుదల లేనిచోట ఇటువంటి భద్రత వట్టి సుఖాసనమే అవుతుందని ఆమే స్పష్టం చేశారు.

ఇది కార్యాలయానికే పరిమితమైన విషయం కాదు. 1977 మార్చి 27న టెనెరిఫ్ ద్వీపంలోని విమానాశ్రయంలో రెండు పెద్ద విమానాలు రన్‌వేపై ఢీకొని 583 మంది మరణించారు. పొగమంచులో ఒక విమానం పైకి లేవడానికి పరుగు ప్రారంభించినప్పుడు, ఎదుటి విమానం రన్‌వే నుండి ఇంకా తొలగలేదేమోనని దానిలోని ఫ్లైట్ ఇంజనీరు సందేహం వెలిబుచ్చాడు. ఎంతో అనుభవజ్ఞుడైన కెప్టెన్ తొలగిందని నొక్కి చెప్పడంతో, అతడు మరి మాట్లాడలేదు. ఈ దుర్ఘటనకు కారణాలు అనేకం. ఆ మౌనం వాటిలో ఒకటి. పిమ్మట విమాన సిబ్బంది శిక్షణలో, పై అధికారిని సైతం ప్రశ్నించడం నేర్పే పద్ధతి వ్యాపించింది.

పెద్దల ఎదుట నోరు మెదపకపోవడమే మర్యాద అని నేర్చుకొన్న మన యువతకు ఇది కష్టమైన పాఠం. వినయాన్ని విడువనవసరం లేదు. “అయ్యా, ఈ లెక్క మరొకసారి సరిచూద్దామా?” అనడంలో అవిధేయత ఏమున్నది? పొరపాటు జరిగినప్పుడు తెలిసిన వెంటనే చెప్పాలి. జరిగినది ఏమిటో, తాను చేయదలచిన సవరణ ఏమిటో క్లుప్తంగా చెబితే చాలు, సంజాయిషీలు తరువాత. అయితే అందరు అధికారులూ ఒకే తీరున వినరు. కఠినుల వద్ద పనిచేసేవారు ముందుగా నమ్మకస్థుడైన ఒక సీనియరును సంప్రదించి, విషయాన్ని వ్రాతపూర్వకంగా తెలపడం క్షేమం.

నిజానికి భారమంతా యజమానులపైననే ఎక్కువ ఉన్నది. దుకాణం నడిపేవారైనా, కార్యాలయాన్ని నిర్వహించేవారైనా “ఏమైనా సందేహాలున్నాయా?” అని అడిగితే సాధారణంగా వచ్చే సమాధానం మౌనమే. “ఈ పనిలో మనం గమనించక వదిలినది ఏది?” అని అడిగి, సమాధానం కోసం కొంతసేపు వేచి ఉండాలి. మొదటిసారి ఎవరైనా చెడువార్త తెచ్చినప్పుడు యజమాని ముఖాన్ని మిగిలినవారందరూ గమనిస్తారు. రెండవ వార్త వస్తుందో రాదో వారు అప్పుడే నిర్ణయించుకొంటారు.