లోడు లెక్క తేలాకే ట్రాన్స్‌ఫార్మర్

సిరిసిల్లలో కొత్త కరెంటు కనెక్షన్ కోసం వెళ్తే ముందుగా ఎదురయ్యే ప్రశ్న ‘లోడు ఎంత?’ అనేదే. దేశంలో మొదటి ప్రయోగంగా ఏర్పడిన ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో ఒకటైన ‘సెస్’ 1970లో ఇక్కడ పని మొదలుపెట్టింది. అప్పటినుంచీ సాంచా (మరమగ్గం) మోటారుకైనా, బావి మోటారుకైనా లోడు తెలిశాకే తీగ లాగుతారు. ఎలక్ట్రానిక్స్ ప్రాజెక్టు చేసే విద్యార్థులు మాత్రం తరచూ దీన్ని తిరగేస్తారు. సెన్సర్లు కొని, ప్రోగ్రామ్ రాసి, బోర్డు అమర్చి, అంతా అయ్యాక చేతికందిన అడాప్టర్ తగిలిస్తారు. పవర్ సప్లై చివర్లో కొని తగిలించే వస్తువు కాదు, ప్రాజెక్టులో మొదట గీయాల్సిన సర్క్యూట్ అన్నది నా వాదన. కొండగట్టు దగ్గరి నాచుపల్లిలో ఉన్న జగిత్యాల జేఎన్టీయూ కళాశాలలోనైనా, 2021లో సిరిసిల్లకు వచ్చిన జేఎన్టీయూ కళాశాలలోనైనా ఈ పనికి కావలసిన గణితం మొదటి ఏడాదిలోనే వచ్చేస్తుంది.

ఈ ప్రాంతానికి సరిపోయే ప్రాజెక్టునే తీసుకుందాం. దారం తెగితే సాంచాను ఆపి, ఫోనుకు కబురు పంపే పరికరం. దారం కదలికను పసిగట్టే సన్నటి సంకేతాన్ని పెంచే ఆంప్లిఫయర్‌కు ప్లస్ 12, మైనస్ 12 వోల్టులు రెండూ కావాలి. రిలేలకు, హారన్‌కు 12, అంకెలు చూపే డిస్‌ప్లేకు 5, వైఫై ఉన్న ఈఎస్‌పీ32 చిప్‌కు 3.3 వోల్టులు కావాలి. అంటే ఒకే పెట్టెలోంచి నాలుగు వోల్టేజీలు. ఇప్పుడు ఒక్కోదాని కరెంటు రాసుకోవాలి, అదీ సగటు కాదు, గరిష్ఠం. ఈఎస్‌పీ32 మామూలుగా కొద్దిగానే తీసుకుంటుంది, వైఫైలో సందేశం పంపే క్షణాన మాత్రం 250 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది. సగటు చూసి సప్లై కట్టినవాళ్ల చిప్ సరిగ్గా కబురు పంపాల్సిన వేళకే రీసెట్ అవుతుంది. అన్నీ కలిపితే ప్లస్ 12కు అర ఆంపియర్, మైనస్ 12కు పది మిల్లీ ఆంపియర్లు, 5 వోల్టులకు అర ఆంపియర్ వచ్చాయనుకుందాం. 3.3ను ఆ 5 నుంచే చిన్న రెగ్యులేటర్‌తో దించుకోవచ్చు.

12 వోల్టులు కావాలి కాబట్టి 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ చాలు అనిపిస్తుంది. 230 వోల్టులు నిలకడగా ఉంటే అది ఎలాగోలా నెట్టుకొస్తుంది. కానీ వరుసగా మోటార్లు స్టార్టయ్యే సాంచాల షెడ్డులో 207కు దిగినా ఆశ్చర్యం లేదు. అప్పుడు 12 కాస్తా 10.8 అవుతుంది. దాని శిఖరం 15.3, డయోడ్‌లో పోయేది తీస్తే సుమారు 14.3. 4700 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టినా, 5 వోల్టుల వాటాతో కలిపి 0.66 ఆంపియర్ల లోడుకు సెకనుకు వందసార్లు 1.4 వోల్టుల మేర ఊగుతుంది. మిగిలేది 12.9. 7812 రెగ్యులేటర్ సరిగా పనిచేయాలంటే లోపలికి కనీసం 14 రావాలి. అందుకే 15-0-15, ఒక ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోవాలి. అదే దుస్థితిలో కూడా దాంతో 16.7 మిగులుతుంది. కెపాసిటర్ మాత్రం 25 వోల్టులది కాకుండా 35ది వేయాలి. లోడు లేనప్పుడు, సరఫరా వోల్టేజీ ఎక్కువగా వచ్చినప్పుడు 25 కూడా దాటే ప్రమాదం ఉంది.

వోల్టేజీ పెంచితే వేడి పెరుగుతుంది. డిజైన్‌లో అసలు కష్టం ఇదే. మామూలు సమయంలో కెపాసిటర్ మీద ఉండే దాదాపు 19.5 వోల్టులనుంచి 7805తో 5 తీస్తే, అర ఆంపియర్‌కు ఏడు వాట్లకు పైగా వేడైపోతుంది, పనికొచ్చేది రెండున్నర వాట్లే. హీట్ సింక్ లేని 7805 లాంటి చిప్ వాటుకు సుమారు 50 డిగ్రీలు వేడెక్కుతుంది. లోపల 125 డిగ్రీలు దాటకూడదు. బయటే 45 డిగ్రీలున్న మే నెల జగిత్యాలలో అది భరించగలిగేది 1.6 వాట్లు. కనుక 5 వోల్టులకు ఎల్‌ఎం2596 లాంటి స్విచ్చింగ్ రెగ్యులేటర్ వాడటమే సరైనది, దాంతో వృథా వాటు లోపే. మరి అన్నింటికీ అదే ఎందుకు వాడకూడదు? సెకనుకు లక్షన్నరసార్లు స్విచ్ అయ్యే ఆ చిప్ రొద ఆంప్లిఫయర్‌లోకి చేరితే దారం సంకేతం అందులో మునిగిపోతుంది. అందుకే అక్కడ ప్లస్ 12కు 7812, మైనస్ 12కు 7912 జతను ఉంచాలి, 7812కు హీట్ సింక్ తప్పదు. రెంటినీ ఒకే లోహపు పలకకు బిగిస్తే ఇంకో చిక్కు వస్తుంది. 7812 వీపు గ్రౌండుకు, 7912 వీపు ఇన్‌పుట్‌కు కలిసి ఉంటాయి, మధ్యలో అభ్రకపు రేకు పెట్టకపోతే షార్ట్ అవుతుంది. రెంటి కాళ్ల వరుస కూడా వేరు. రిలేల గ్రౌండు తీగనూ ఆంప్లిఫయర్ గ్రౌండు తీగనూ విడివిడిగా తెచ్చి కెపాసిటర్ దగ్గర ఒక్కచోట కలపాలి. రిలే కాయిల్‌కు అడ్డంగా ఒక డయోడ్ ఉండాలి.

హైదరాబాద్ కోఠీలో మాడ్యూళ్లు చవగ్గా దొరుకుతుంటే ఇదంతా ఎందుకని అడగొచ్చు. కొనండి, తప్పులేదు. కానీ ఏ మాడ్యూల్ కొనాలో చెప్పేది కూడా ఈ లెక్కే. కోరుట్ల పశువైద్య కళాశాల కోసం గుడ్లు పొదిగించే పెట్టె చేస్తే ఫ్యానుకు, రిలేకు 12, కంట్రోలర్‌కు 5 ఉంటే చాలు, ఒక మంచి 12 వోల్టుల అడాప్టర్, ఒక బక్ (స్విచ్చింగ్ రెగ్యులేటర్) మాడ్యూల్ సరిపోతాయి. పొలాస వ్యవసాయ పరిశోధన స్థానంలో నేల తేమ కొలిచే పరికరానికి ఫోను చార్జరే సరైన డిజైన్ కావచ్చు. మైనస్ వోల్టేజీ అవసరం లేనిచోట దాన్ని తయారుచేయడం గొప్పేమీ కాదు. 230 వోల్టులతో విద్యార్థులు చేతులు కాల్చుకుంటారన్న అభ్యంతరం మాత్రం బలమైనది, దాన్ని పూర్తిగా ఒప్పుకోవాలి. ప్రైమరీ వైపు ఫ్యూజు, మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్త్ చేసిన లోహపు పెట్టె, తాకడానికి వీల్లేకుండా మూసిన కనెక్షన్లు లేకుండా స్విచ్ వేయనివ్వకూడదు. ఆ వైపు పనిని లెక్చరర్ సమక్షంలోనే చేయించాలి.

కట్టాక వెంటనే ఖరీదైన బోర్డుకు తగిలించకూడదు. 5 వోల్టులకు పది ఓమ్‌ల, 12కు 24 ఓమ్‌ల పెద్ద రెసిస్టర్లు పెడితే రెండుచోట్లా అర ఆంపియర్ వస్తుంది. మొదటిదానికి ఐదు వాట్లది, రెండోదానికి పది వాట్లది వాడాలి. పెట్టె మూత మూసి గంటసేపు అలాగే నడిపి, హీట్ సింక్ వేడి కొలవాలి. తర్వాత ల్యాబ్‌లోని డిమ్మర్‌స్టాట్‌తో సరఫరాను 207కు దించి, ఆసిలోస్కోపులో 12 వోల్టుల గీత చూడాలి. అక్కడ వంద హెర్ట్జ్‌ల గుంతలు కనిపిస్తే ట్రాన్స్‌ఫార్మర్‌నో కెపాసిటర్‌నో మార్చాలి. గీత తిన్నగా ఉంటే అప్పుడు సెన్సర్ తగిలించవచ్చు.