మందు డబ్బాకు నీటి పరీక్ష

మొన్న సంఘపు గిడ్డంగికి పురుగుమందుల డబ్బాలు దిగినప్పుడు ఒక పెద్ద రైతుగారు మమ్ము నిట్లు ప్రశ్నించిరి: "అయ్యా, ఈ డబ్బాలను కర్మాగారములో నీళ్లు పోసి, పైనుండి పడవేసి పరీక్షింతురని వింటిని. లోపల నుండబోవునది విషము గదా! నీటిని ఆపిన డబ్బా విషమును ఆపునని యెట్లు నమ్ముట?" ఈ ప్రశ్న మిక్కిలి న్యాయమైనది. దీని సమాధాన మెఱిగిన రైతు, ఖాళీ డబ్బాను ఇంటిలో ఏల వాడరాదో కూడ ఎఱుగును. కావున సభ్యులందఱి కొఱకు దీనిని ఇచ్చట వివరించుచున్నాము.

బదులు ద్రవ మెందుకు?

క్రొత్త స్ప్రేయరును కొన్నప్పుడు మనము మొదట మంచినీరు పోసి కొట్టి చూతుము. వాషరు కారుచున్నదా, గొట్టపు అతుకు వదులుగా నున్నదా, నాజిల్ సరిగా చిమ్ముచున్నదా అని నీటితోనే తెలిసికొందుము. కారినను వీపు తడియును గాని ప్రాణభయము లేదు. కర్మాగారములోని పరీక్షయు ఇట్టిదే. డబ్బా పగులునో లేదో తెలియుటకే దానిని పడవేయుదురు. విషము పోసి పగులగొట్టినచో పరీక్షించువాడే మొదట బలియగును. అందుచే విషమునకు బదులుగా నీటినో, తగిన మఱియొక ద్రవమునో పోయుదురు.

అపాయకరమైన సరకుల రవాణాకు ఐక్యరాజ్యసమితి వారు 1956లో మొదటిసారి సిఫారసులను ప్రకటించిరి. అవి పలుమారులు సవరింపబడి నేడు అనేక దేశముల నియమములకు ఆధారమైనవి. వానిలో సరకులను అపాయమును బట్టి మూడు తరగతులుగా విభజించిరి. మిక్కిలి అపాయకరమైనవి 1వ తరగతి, తక్కువ అపాయకరమైనవి 3వ తరగతి.

పరీక్షలు

ద్రవము పట్టు డబ్బాను నూటికి 98 పాళ్లు నింపి గట్టి నేలపై పడవేయుదురు. 1వ తరగతికి 1.8 మీటర్ల ఎత్తు, 2వ దానికి 1.2 మీటర్లు, 3వ దానికి 0.8 మీటరు. ఒకసారి అంచుపై ఏటవాలుగా, మఱియొకసారి మూతవంటి బలహీనమైన చోటు తగులునట్లు వేయుదురు. ఇదిగాక, డబ్బాలోనికి గాలి కొట్టి నీట ముంచి బుడగలు వచ్చునేమో చూతురు. సైకిలు ట్యూబునకు మన ఊరి దుకాణములో చేయు పరీక్షయే ఇది. మఱియు 3 మీటర్ల ఎత్తున పేర్చినచో పడునంత బరువును డబ్బాపై మోపుదురు. ద్రవములకైన ప్లాస్టిక్ డబ్బా 40 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో 28 దినములు ఆ బరువును మోయవలెను.

నీటికి గల రెండు లోపములు

మొదటి లోపము బరువు. పత్తి విత్తనముల నూగు తీయుటకు వాడు గాఢ గంధకికామ్లము నీటికంటె 1.84 రెట్లు బరువైనది. అంత బరువుగల ద్రవముతో నిండి పడిన డబ్బాకు తగులు దెబ్బ, నీటితో పడినదానికి తగులదు. ఈ లోపమును ఎత్తుచే పూరింతురు. నీటికంటె 1.2 రెట్లకు మించి బరువైన ద్రవమునకు నీటితో పరీక్ష చేసినచో, 2వ తరగతిలో బరువు ఎన్ని రెట్లో అన్ని మీటర్ల ఎత్తునుండి వేయవలెను. గంధకికామ్లపు డబ్బాకు 1.84ను పైయంకెకు సరిచేసి 1.9 మీటర్లుగా గ్రహింతురు.

ప్లాస్టిక్ చలిలో పెళుసగును గనుక ప్లాస్టిక్ డబ్బాను సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో పడవేయుదురు. ఆ చలిలో నీరు గడ్డకట్టును. అందుచే గడ్డకట్టనీయని పదార్థమును నీటిలో కలుపుదురు. ఇంతవరకు నీరు పనికివచ్చును.

రెండవ లోపము గుణము. దీనిని ఎత్తుచే పూరింప వీలులేదు. నీరు పాలిథీను నేమియు చేయదు. కొన్ని ద్రవములు దానిలోనికి ఇంకి పప్పు నానినట్లు ఉబ్బించును. కొన్ని, బరువు మోయుచున్న చోట సన్నని పగుళ్లు పుట్టించును. మఱికొన్ని ప్లాస్టిక్ పదార్థమునే క్రమముగా చెఱచును. నీటి పరీక్షలో నెగ్గిన డబ్బా ఇట్టి ద్రవముతో కొన్ని నెలలలో ఓడిపోవచ్చును.

ఇందుకై ఐరోపా దేశములవారు, 1957లో జెనీవాలో జరిగిన రహదారి రవాణా ఒప్పందపు నియమములలో, కొన్ని ప్రమాణ ద్రవములను ఏర్పఱచియున్నారు. అసలు సరకుతోనే పరీక్షింపవలెనన్న డబ్బాలో దానిని ఆరు నెలలు నిలువయుంచవలెను. ప్రమాణ ద్రవముతోనైనచో 40 డిగ్రీల వేడిలో మూడు వారములు చాలును. ఆకుపై మందు పరచుకొనుటకు మనము కలుపు సబ్బునీటివంటి తడుపు ద్రావణము, పగుళ్లు పుట్టించు ద్రవములకు ప్రతినిధి. ఎసిటిక్ ఆమ్లమును ఆ జాతిలోనిదే. రంగులు పలుచన చేయు వైట్ స్పిరిట్, ఉబ్బించు నూనెజాతి ద్రవములకు ప్రతినిధి. నూటికి 55 పాళ్ల నత్రికామ్లము, ప్లాస్టిక్‌ను చెఱచువానికి. ఉబ్బును పగులును రెండును కలిగించువానికి బ్యుటైల్ అసిటేట్. సస్యరక్షణ మందులను ముఖ్యముగా ఈ కడపటి వర్గములోనే చేర్చియున్నారు.

రైతు గ్రహింపవలసినది

పై వర్గపు ద్రవములు పాలిథీను బరువును సుమారు నూటికి 4 వంతులవరకు పెంచగలవని లెక్క. అనగా కిలో బరువుగల డబ్బా గోడలలోనికి 40 గ్రాముల ద్రవమువరకు ఇంకవచ్చును. అంత ఇంకినను కారకయుండుటయే ఆ పరీక్షలో నెగ్గుట. కాని గోడలో ఇంకినది కడుగుటచే పోదు. పైకి శుభ్రముగా కనబడు డబ్బాలో తరువాత నూనె పోసినచో, ఇంకిన విషము మెల్లగా ఆ నూనెలోనికి దిగవచ్చును. వాసన లేకపోవుట విషము లేదనుటకు గుఱుతు కాదు.

2013 జూలై 16న బీహారు రాష్ట్రములోని సారణ్ జిల్లాలో బడి మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. ఆ వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కనబడెను. పురుగుమందుంచిన డబ్బాలో నూనె పోసియుండిరని నాడు చెప్పబడినది. ఒక ఖాళీ డబ్బా వెల యెంత? ఆ బిడ్డల ప్రాణముల వెల యెంత?

పెద్ద డబ్బాలపై వృత్తములో పరీక్షా చిహ్నమును, దాని ప్రక్క 3హెచ్1/వై1.4/150 వంటి అక్షరములును ఉండును. 3 అనగా జెర్రీక్యాను, హెచ్ అనగా ప్లాస్టిక్, తరువాతి 1 అనగా పైభాగము ఊడదీయ వీలులేనిది. వై అనగా 2, 3 తరగతుల సరకులకు తగినది. 1.4 అనగా నీటికంటె అన్ని రెట్ల బరువుగల ద్రవమువరకు తగినది. 150 లోపలి ఒత్తిడి పరీక్షను తెలుపును. ఇందులో ద్రవము పేరు లేదని గమనింపుడు. ఏ మందు ఏ డబ్బాకు సరిపడునో మందు నింపువారు చూచుకొనవలెను. చిహ్నమును నమ్మి మనము వేఱొక ద్రవమును అందు పోయరాదు.

కావున సభ్యులు ఈ క్రింది విషయములను పాటింపవలెను.

1. ఉబ్బిన, మూతవద్ద పగిలిన, చెమ్మగా జిగురుగా నున్న డబ్బాను గిడ్డంగిలో తీసికొనరాదు.

2. మందును నీళ్ల సీసాలోనికి గాని, సారాయి సీసాలోనికి గాని మార్చరాదు. ఆ సీసాలు మందు కొఱకు పరీక్షింపబడినవి కావు, వానిని చూచిన బిడ్డకు అది విషమని తెలియదు.

3. డబ్బాలను ఎండ తగులనిచోట, మూత పైకుండునట్లు, తక్కువ వరుసలుగా పేర్చవలెను.

4. మందు అయిపోయిన డబ్బాను మూడు మారులు నీటితో తొలిచి, ఆ నీటిని స్ప్రేయరు ట్యాంకులోనే పోయవలెను. తరువాత డబ్బాకు తూట్లు పొడవవలెను. ఖాళీ డబ్బాలను పగులగొట్టి ఇండ్లకు దూరముగా పాతిపెట్టవలెనని 1971 నాటి కీటకనాశినుల నియమములు చెప్పుచున్నవి. కాలువగట్టున పారవేయరాదు.

ఆ పెద్ద రైతుగారికి మా సమాధాన మిది: బరువునకు, దెబ్బకు నీరు సాక్ష్యమీయగలదు. గుణమునకు వేఱు సాక్షిని పిలువవలసినదే. ఎన్ని పరీక్షలలో నెగ్గినను మందు డబ్బా మందుకే తగినది. అది వంటింటి గడప దాటరాదు.