కొత్త పిల్లలు చేరే రోజు

వేసవి సెలవుల తర్వాత బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. కూలి మానుకొని పిల్లల్ని హాస్టల్లో చేర్చడానికి వచ్చే తల్లిదండ్రులకు సాయంత్రం బస్సు అందాలి. అందుకే మేము పనులు ముందే పంచుకుంటాం.

మాలో ఇద్దరు గేటు దగ్గర ట్రంకుపెట్టె అందుకుంటారు. ఒకరు టీసీ, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్ జిరాక్సు, ఫొటోలు వరుసలో పెట్టించి వార్డెన్ గారికి చూపిస్తారు. తక్కువైనవి చీటీ మీద రాసిస్తారు. మరొకరు పెట్టె, కంచం, గ్లాసు మీద పేరు రాసి, కుళాయిలు, మరుగుదొడ్లు చూపిస్తారు.

అన్నిటికన్నా ముఖ్యం వీడ్కోలు. పిల్లవాడి కళ్ళుగప్పి వెళ్ళిపోవద్దని అమ్మానాన్నలకు చెబుతాం. అలా వెళ్తే వాడు రాత్రంతా గేటువైపే చూస్తాడు. మళ్ళీ ఏ రోజు వస్తారో చెప్పి, ఆ రోజు తప్పక రావాలి. మొదటి వారమంతా పెద్ద తరగతి అన్న ఒకరు వాణ్ణి భోజనానికి, బడికి వెంట తీసుకెళ్తారు. ఇంటికి పారిపోవాలనిపించేది ఆ వారంలోనే. అది దాటితే చదువు నిలబడుతుంది.