నిమ్‌పురాకు టోర్నడో హెచ్చరిక అందేనా?

1998 మార్చి 24న పశ్చిమ బెంగాల్‌లోని దాంతన్ ప్రాంతాన్ని టోర్నడో చుట్టేసింది. 150 మందికి పైగా చనిపోయారు. తెలుగు రైల్వే కుటుంబాలు తరతరాలుగా ఉంటున్న ఖరగ్‌పూర్‌లోని నిమ్‌పురాకు దాంతన్ సుమారు 50 కిలోమీటర్లే.

అప్పటికి వాతావరణ శాఖకు డాప్లర్ రాడార్ లేదు. మొదటిది 2002లో చెన్నైలో పెట్టారు. ఇప్పుడు కోల్‌కతాలోనూ ఉంది. అయితే భూమి వంపు వల్ల, 110 కిలోమీటర్ల దూరంలోని ఖరగ్‌పూర్ చేరేసరికి దాని కిరణం నేలకు కిలోమీటరుకు పైగా ఎత్తున పోతుంది. కాలబైశాఖి మేఘం కనిపిస్తుంది కానీ, దాని కింద నేలను తాకే సన్నటి సుడి చిక్కదు. అందుకే తక్షణ సూచనల్లో సాధారణంగా పిడుగులు, ఈదురుగాలులు అనే ఉంటుంది.

హెచ్చరిక ముందే వచ్చినా అదొక్కటే కాపాడదు. అమెరికాలోని జాప్లిన్‌లో 2011 మే 22న సైరన్లు ముందే మోగాయి. తరచూ మోగేవే కదా అని చాలామంది మరో రుజువు కోసం ఆగారు. అక్కడా 150 మందికి పైగా చనిపోయారు.

కాబట్టి 'టోర్నడో' అన్న మాట కోసం ఎదురుచూడకూడదు. ఈదురుగాలుల సూచన రాగానే రేకుల ఇళ్లవాళ్లు పక్కా భవనంలో, కిటికీలు లేని లోపలి గదికి చేరాలి. ఆ గది ఎక్కడుందో, తాళం ఎవరి దగ్గరుందో చైత్రం రాకముందే తేల్చుకోవాలి.