ఎర్రగడ్డ అంటే జోక్ కాదు.. మానసిక సమస్యలున్న కాలేజీ స్టూడెంట్స్‌కు చట్టం ఏమేం ఇస్తోందో తెలుసా?

"నిన్ను ఎర్రగడ్డకు పంపాలిరా.." హైదరాబాద్‌లో ఎవరైనా కాస్త తేడాగా మాట్లాడితే వెంటనే పడే పంచ్ ఇది. వైజాగ్‌లో అయితే ఎర్రగడ్డ బదులు చినవాల్తేరు పేరు వస్తుంది. ఫిల్మ్ నగర్‌కు కొన్ని కిలోమీటర్ల దూరంలోనే ఉన్న ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిని మన సినిమాలు కూడా కామెడీకి బాగానే వాడుకున్నాయి. జనం నవ్వుకుంటారు, మర్చిపోతారు.

కానీ ఆ నవ్వుకు భయపడి ఒక బీటెక్ కుర్రాడో, డిగ్రీ అమ్మాయో ఆ గేటు దాకా వెళ్లకపోతే పోయేది ట్రీట్‌మెంట్ ఒక్కటే కాదు. పరీక్షలో అదనపు టైమ్, సీట్లలో రిజర్వేషన్, స్కాలర్‌షిప్.. అన్నీ పోతాయి. అదెలాగో వివరంగా చూద్దాం.

మానసిక వ్యాధి కూడా వైకల్యమేనా?

అవును. దివ్యాంగులు అనగానే వీల్‌చైరో, చేతికర్రో గుర్తొస్తుంది. కానీ 2016 దివ్యాంగుల హక్కుల చట్టం మొత్తం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో మానసిక అనారోగ్యం ఒకటి. ఆటిజం, లెర్నింగ్ డిజేబిలిటీ విడిగా ఉన్నాయి. ఈ చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 1995 నాటి పాత చట్టంలోనూ మానసిక అనారోగ్యం పేరు ఉంది కానీ, ఉద్యోగ రిజర్వేషన్‌లో దానికి చోటు లేదు. కొత్త చట్టం ఆ లోటు తీర్చింది.

అలాగని పరీక్ష ముందు వచ్చే టెన్షన్, బ్రేకప్ బాధ అన్నీ దీని కిందకు రావు. ఆలోచన, మూడ్, జ్ఞాపకశక్తి బాగా దెబ్బతిని, రోజువారీ పనులు చేసుకోవడమే కష్టమయ్యే స్థాయిలో ఉండాలి. తీవ్రమైన డిప్రెషన్, బైపోలార్, స్కిజోఫ్రీనియా, ఓసీడీ లాంటివి ఆ స్థాయికి చేరొచ్చు.

కాలేజీలో ఏమేం వస్తాయి?

వైకల్యం 40 శాతం, అంతకంటే ఎక్కువ ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే..

సీటు: ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో దివ్యాంగులకు కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలి. వయోపరిమితిలో 5 ఏళ్ల సడలింపు ఉంటుంది.

పరీక్ష: 2018 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం స్క్రైబ్ పెట్టుకునే వారికి గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి. స్క్రైబ్ లేకుండా సొంతంగా రాసే వారికి కూడా 3 గంటల పరీక్షకు కనీసం గంట అదనంగా ఇవ్వొచ్చని ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

డబ్బు: ఏఐసీటీఈ 'సక్షమ్' స్కాలర్‌షిప్ కింద ఏడాదికి రూ.50 వేలు వస్తాయి. ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీలో డిగ్రీ లేదా డిప్లొమా చదువుతూ ఉండాలి. కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.8 లక్షలు దాటకూడదు. ఇది కాకుండా కేంద్రం ఇచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది. దానికి ఆదాయ పరిమితి రూ.2.5 లక్షలు. దీనికి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో అప్లై చేయాలి.

40 శాతం లేకపోతే ఏమీ రాదా?

చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు. రిజర్వేషన్‌కు, ఈ స్కాలర్‌షిప్‌లకు 40 శాతం తప్పనిసరి. కానీ చదువుకోవడానికి అవసరమైన సర్దుబాట్లకు ఆ గీత లేదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ విద్యాసంస్థ అయినా, ప్రైవేట్ కాలేజీతో సహా, విద్యార్థి అవసరాన్ని బట్టి తగిన సర్దుబాటు చేయాలని చట్టం చెబుతోంది.

2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ వర్సెస్ యూపీఎస్సీ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. రాసేటప్పుడు చేతి వేళ్లు బిగుసుకుపోయే సమస్య ఉన్న అభ్యర్థికి, 40 శాతం లేదన్న కారణంతో స్క్రైబ్‌ను నిరాకరించడం కుదరదని చెప్పింది. అందరికీ ఒకే రూల్ కాదు, ఆ వ్యక్తికి ఏం కావాలో అతనితో మాట్లాడి తెలుసుకోవాలని కూడా స్పష్టం చేసింది. ఆ తర్వాత 2022 ఆగస్టులో, 40 శాతం కంటే తక్కువ వైకల్యంతో రాయడానికి ఇబ్బంది పడే వారి కోసం కేంద్రం వేరే మార్గదర్శకాలు ఇచ్చింది.

మానసిక సమస్యకు, రాతకు సంబంధం ఏంటని అనుకోవచ్చు. ఉదాహరణకు బైపోలార్‌కు వాడే లిథియం మందుతో కొందరికి చేతులు వణుకుతాయి. కొన్ని మందులు వేసుకుంటే పొద్దున ఎంత లేపినా మెలకువ రాదు. ఫస్ట్ అవర్ అటెండెన్స్ పోతే లెక్చరర్‌కు అది బద్ధకంలా కనిపిస్తుంది. అసలు కారణం ట్యాబ్లెట్. అటెండెన్స్‌లో వెసులుబాటు, అసైన్‌మెంట్‌కు గడువు, పరీక్షకు విడి గది.. ఇలాంటివి డాక్టర్ లెటర్ జత చేసి రాతపూర్వకంగా అడగొచ్చు.

సర్టిఫికెట్ ఎలా తీసుకోవాలి?

తెలంగాణలో మొన్నటిదాకా సదరం స్లాట్ పద్ధతి ఉండేది. 2025 నుంచి యూడీఐడీ పోర్టల్‌కు మారింది. 'స్వావలంబన్ కార్డ్' వెబ్‌సైట్‌లో గానీ, మీసేవలో గానీ అప్లై చేయొచ్చు. ఏపీలో సదరం స్లాట్ సచివాలయాల్లో బుక్ చేసుకోవచ్చు. ఆధార్, ఫొటోతో పాటు ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలు, ఓపీ కార్డులు అన్నీ దగ్గర పెట్టుకోవాలి. జబ్బు ఎన్నేళ్లుగా ఉందో చెప్పేవి అవే.

మానసిక వ్యాధికి శాతం వేయడానికి స్కానింగ్ ఉండదు. 'ఐడియాస్' అనే స్కేల్ వాడతారు. సొంత పనులు చేసుకోవడం, మనుషులతో సంబంధాలు, మాట్లాడటం-అర్థం చేసుకోవడం, చదువు లేదా పని.. ఈ నాలుగింట్లో ఎంత ఇబ్బంది ఉందో చూసి మార్కులు వేస్తారు. జబ్బు ఎంతకాలంగా ఉందన్నదీ కలుపుతారు. అందుకే "బానే ఉన్నాను సార్" అని సిగ్గుతో దాచేస్తే శాతం తగ్గిపోయే ప్రమాదం ఉంది. ఇంట్లో దగ్గరగా చూసే అమ్మో, అన్నో వెంట ఉంటే మంచిది.

ఆసుపత్రికి వెళ్తే 'పిచ్చి' ముద్ర పడుతుందా?

చట్టం మాత్రం అలా అనడం లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం పేషెంట్ వివరాలను డాక్టర్లు గోప్యంగా ఉంచాలి. మానసిక వ్యాధి ఉందన్న ఒక్క కారణంతో ఎవరినీ మతిస్థిమితం లేనివారిగా లెక్కించకూడదు. ఓపీలో చూపించుకోవడం అంటే అడ్మిట్ అవ్వడం కాదు. చాలామంది మెట్రోలో వచ్చి, డాక్టర్‌కు చూపించుకుని, మందులు తీసుకుని ఇంటికి వెళ్లిపోతారు.

అయితే కాలేజీలో బెనిఫిట్ కావాలంటే ఆఫీసులో సర్టిఫికెట్ చూపించక తప్పదు. క్లాసులో అందరికీ చెప్పాల్సిన పని మాత్రం లేదు.

కాలేజీ బాధ్యత ఏంటి?

ఈ విషయంలో పెద్ద మలుపు మన వైజాగ్ నుంచే వచ్చింది. 2023లో అక్కడ నీట్‌కు ప్రిపేర్ అవుతున్న 17 ఏళ్ల అమ్మాయి మృతిపై ఆమె తండ్రి చేసిన పోరాటం సుప్రీంకోర్టుకు చేరింది. 2025 జులై 25న కోర్టు కేసును సీబీఐకి అప్పగించడంతో పాటు దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం వచ్చే వరకు ఇవి పాటించాల్సిందే.

వంద మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న చోట కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ లేదా సైకాలజిస్ట్ ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడగొట్టకూడదు. స్టాఫ్‌కు ఏడాదికి రెండుసార్లు ట్రైనింగ్ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, క్లాస్‌రూమ్‌లలో పెద్ద అక్షరాలతో కనిపించాలి. మీ కాలేజీ గోడ మీద ఆ నంబర్ ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

కాలేజీ పట్టించుకోకపోతే? ముందు ప్రిన్సిపాల్‌కు లెటర్ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. ఆ తర్వాత యూనివర్సిటీకి, అక్కడా పని జరగకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు.

సర్టిఫికెట్, శాతం సంగతి తర్వాత. ముందు మాట్లాడటానికి ఒక మనిషి కావాలనిపిస్తే 'టెలి మానస్' నంబర్ 14416కు కాల్ చేయండి. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇక ఈసారి ఎవరైనా ఎర్రగడ్డ జోక్ వేస్తే.. పక్కన కూర్చున్నవారిలో ఒకరు రేపు అక్కడికి వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తుండొచ్చని గుర్తుపెట్టుకోండి.